చేయి తగలని పరుగు

ఇరవై రెండేళ్లు నేను చేసిన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, పరుగెత్తేవాళ్ల కాళ్లు చూసి కుళ్లుకోవడం అని చెబుతాను. దానికి జీతం కూడా ఇచ్చారు.

లండన్ పడమటి అంచున హేస్‌లో, విమానాల రొద కింద, గోడౌన్ల మధ్య మా ఆఫీసు. అమెరికన్ ఫుట్‌బాల్ వీడియోలు చూసి, మైదానంలో ఎవరు ఏం చేశారో ఒక్కొక్కటీ నమోదు చేసి టీవీ వాళ్లకు అమ్మే కంపెనీ. ఆ నమోదునే ట్యాగింగ్ అంటారు. అమెరికా ఆటకు లండన్‌లో లెక్కలేమిటని మా బంధువులు నవ్వేవాళ్లు. పని ఎక్కడ చవగ్గా అయితే అక్కడికే పోతుంది, అంతే.

ఈ మధ్య మాస్టర్స్ చదవడానికి వచ్చిన మన పిల్లలు ఈ పనిలో పార్ట్‌టైమ్‌గా చేరుతున్నారు. "అంకుల్, మీ అనుభవాలు రాయండి" అని కొందరు అడిగారు. షిఫ్టులు పంచే రోటా గొడవలు, ప్రమోషన్ల సంగతులు రాయను. అవి చేరిన వారానికే మీకు తెలుస్తాయి. రాయవలసింది మరొకటి ఉంది. అది రాయాలంటే ఓబుల్ రెడ్డి గురించి రాయాలి. అతని గురించి రాయాలంటే నా కుళ్లు గురించి దాచకుండా రాయాలి.

ఆట తెలియనివాళ్లకు

రన్నింగ్ బ్యాక్ అంటే బంతిని చంకలో ఇరికించుకుని ముందుకు పరుగెత్తేవాడు. అవతలి జట్టులో పదకొండు మంది అతన్ని పట్టి నేల మీద పడేయాలి. పట్టబోయి పట్టలేకపోయినవాడికి మేం "మిస్" అని బటన్ నొక్కుతాం. ఏ పరుగుదారు ముందు ఎక్కువమంది మిస్ అవుతారో వాడు అంత చేతికి చిక్కనివాడు.

కబడ్డీ ఆడినవాడికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. బాపట్లలో కాలేజీ జట్టు తరఫున కూతకు వెళ్లేవాణ్ణి నేను. నడుము ఒక పక్కకు, కాలు ఇంకో పక్కకు వేసి ముగ్గురి మధ్య నుంచి బయటపడ్డ రోజులున్నాయి. ఇరవై రెండో ఏట మోకాలు పోయింది. తర్వాత కంప్యూటర్లు నేర్చుకుని, సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా లండన్ వచ్చి, ఆ ఉద్యోగం ఊడి, ఇందులో పడ్డాను. కాబట్టి తెర మీద ఎవడైనా నడుము తిప్పి తప్పించుకున్నప్పుడల్లా నా మోకాలు ఒకసారి కలుక్కుమనేది. నేను ఆగిపోయిన చోట నుంచి వాడు ముందుకు వెళ్లిపోతున్నాడని నాకు మంట. ఆ మంట వల్లే పని శ్రద్ధగా చేశానేమో కూడా. ఇష్టమైనవాణ్ణి చూసే కళ్లకంటే గిట్టనివాణ్ణి చూసే కళ్లకు మెలకువ ఎక్కువ.

లిండా

మా బాసు లిండా యార్క్‌షైర్ మనిషి. అంతకుముందు బళ్లో ఆటల టీచరు. టీ మగ్గు చేతిలో లేకుండా ఆమెను చూసిన గుర్తు లేదు. మొదటి రోజే నా హెడ్‌ఫోన్స్ లాక్కుని సొరుగులో పడేసింది. కామెంటరీ విన్నవాడు చెవులతో ట్యాగ్ చేస్తాడని ఆమె నమ్మకం. నిజమే. వ్యాఖ్యాత "అద్భుతం!" అని అరిస్తే వేలు తనంతట తానే మిస్ బటన్ మీదికి పోతుంది. ఇప్పటికీ కొత్తవాళ్లకు నేను చెప్పే మొదటి మాట అదే, సౌండ్ కట్టేయండి.

ఆమె పెట్టిన ఇంకో పద్ధతి పొడి అక్షరాలు. ప్రతి లెక్క చివర అది చేసినవాడి పేరులోని మొదటి అక్షరాలు వేయాలి. తప్పయితే నీది, ఒప్పయినా నీదే. ముఖ్యమైన పని అయితే ఒకే వీడియోను ఇద్దరికి విడివిడిగా ఇచ్చేది. ఇద్దరూ మాట్లాడుకోకూడదు. తేడా వస్తే ఆమె గదిలో తేల్చాలి.

ఆమెలో ఒక లోపం ఉంది, అదీ చెప్పాలి. ఆటలు ఆడినవాడి మాటకు ఒక మెట్టు ఎక్కువ విలువ ఇచ్చేది. ఆడటం వేరు, చూడటం వేరు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసినా నేను చెప్పలేదు, ఎందుకంటే లాభం నాకే.

ఓబుల్ రెడ్డి

నేను చేరిన ఆరేళ్లకు ఓబుల్ రెడ్డి వచ్చాడు. ప్రొద్దుటూరు వైపు మనిషి, నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. సీసా అడుగంత మందం కళ్లద్దాలు. జన్మలో ఏ ఆటా ఆడలేదు. బడి రోజుల్లో ఏం చేసేవాడివని అడిగితే, "గట్టు మీద కూచోని స్కోరు రాస్తాంటి అన్నా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా ఇద్దరి మధ్యా అదే నా చివరి నవ్వు అనుకుంటాను.

రెండు నెలలు తిరిగేసరికి అందరూ అతని బల్ల దగ్గరికే వెళ్లడం మొదలుపెట్టారు. సందేహం వస్తే నా దగ్గరికి రావాలి కదా, సీనియర్‌ని. వచ్చేవాళ్లు కాదు. అతను కుర్చీలో వెనక్కి వాలి, తెరను ఎటో పక్క నుంచి చూస్తున్నట్టు చూసి, "ఆ మూలోడు, తెల్ల గ్లవుజులోడు, వానికి మిస్ కొట్టు" అనేవాడు. వెనక్కి తిప్పి చూస్తే ఆ మూలలో వాడు ఉండేవాడు.

ఇంటికి వచ్చి సుజాతకు చెప్పాను, అతను ఊహించి కొడుతున్నాడని. నా భార్య కూర కలుపుతూ తల కూడా ఎత్తలేదు.

"ఆయన మీకంటే బాగా చూస్తున్నాడని మీ ఏడుపు. ముందు అన్నం తినండి."

ఆ రోజు అన్నం సహించలేదు.

ఎద్దు, బక్కోడు

ఒకసారి ఒక టీవీ వాళ్లు పెద్ద పని తెచ్చారు. ఆ ఆట చరిత్రలో ఎవరి చేతికీ చిక్కని రన్నింగ్ బ్యాక్‌లు ఎవరు? పాత రీళ్ల నుంచి మొన్నమొన్నటి ఆటల దాకా పంపించారు. ఒక్కొక్క పరుగూ లెక్కగట్టి వరస తేల్చాలి. నలుపు తెలుపు రీళ్లలో వర్షం, బురద, ఒకటే కెమెరా. జెర్సీ నంబరు కూడా కనబడదు, నడకను బట్టి పోల్చుకోవాలి. మా పనిలో అంతకంటే గొప్పది ఉండదు. అది నాకే వస్తుందని వారం రోజులు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

లిండా ఇద్దరికీ ఇచ్చింది. నాకు, ఓబుల్ రెడ్డికి.

ఆటగాళ్ల అసలు పేర్లు రాయను. మేం పెట్టుకున్న పేర్లే చెబుతాను. ఒకడు ఎద్దు. అతని మీద ముగ్గురు పడతారు, ముగ్గురూ వేలాడుతుంటే ఈడ్చుకుంటూ పోయి విదిలించుకుంటాడు. ఇంకొకడు బక్కోడు. పాత కాలం మనిషి, మోచేతులు కూడా సన్నం. అతని పరుగు మొదటిసారి చూసినప్పుడు ఏమీ జరగలేదనిపిస్తుంది. ఎవరూ లేని సందులో నడిచి వెళ్లినట్టు వెళ్లిపోతాడు.

నా లెక్కలో ఎద్దు మొదటివాడు. బక్కోడు అడుగు నుంచి రెండోవాడు. రెండు నెలలు, వారానికి ఆరు రోజులు చూసి తేల్చాను.

ఓబుల్ రెడ్డి లెక్కలో బక్కోడు మొదటివాడు. మిగతావాళ్లు దరిదాపుల్లో లేరు.

లిండా మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఎందుకింత తేడా అని అడిగింది. అతను ముందు ఆమెకు తన ఇంగ్లీషులో చెప్పుకున్నాడు, మాటలు తడబడ్డాయి. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"అన్నా, నువ్వు పరిగెత్తేటోణ్ణి చూస్తాండావు. నేను పడిపోయినోళ్లను లెక్కబెడ్తాండా. వాడు పోయినాక ఎనక్కి తిప్పి, ఎవురెవురు నేల మీద ఉండారో చూడు."

"ముట్టుకోనే లేదు కదయ్యా. ముట్టుకోకుండా మిస్ ఎట్లా అవుతుంది?"

"ముట్టుకోనీల్యా అన్నా వాడు. అదే కదా."

ఆ మాటకు విలువ ఇవ్వాల్సింది. నేను అతని కళ్లద్దాల వైపు చూశాను.

లిండా గదిలో

మర్నాడు ఒక్కణ్ణే ఆమె గదికి వెళ్లాను. ఎవరూ పిలవలేదు. ఓబుల్ రెడ్డి జరగనివి జరిగినట్టు కొడుతున్నాడని, ఒళ్లు ఒళ్లు తగిలే ఆట ఎన్నడూ ఆడనివాడికి ఏది అందే దూరమో ఏది అందనిదో తెలియదని, నేను ఆడాను కాబట్టి తెలుసని చెప్పాను. ఒక్కొక్క మాట ఇంట్లో అద్దం ముందు చెప్పుకుని వెళ్లిన మాటే.

లిండా మగ్గు కింద పెట్టింది. ఆమె మగ్గు కింద పెట్టడం నేను చూసింది అప్పుడే.

"అతని మార్కులన్నీ తిరిగి చూశావా, కోటీ? ఒక్కొక్కటీ?"

"చూశాను" అన్నాను.

చూడలేదు. ఒక్కటి కూడా చూడలేదు. చూస్తే అతని మాట నిజమవుతుందేమోనని భయం. ఉద్యోగంలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి, అవన్నీ చూపు తప్పులు. ఇది మాత్రం తప్పు కాదు, అబద్ధం.

నా లెక్కే టీవీలో వచ్చింది, చివర నా పొడి అక్షరాలతో. ఓబుల్ రెడ్డిది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ నెలాఖరుకు గడువు తీరింది, మళ్లీ ఇవ్వలేదు. బల్ల ఖాళీ చేసిన రోజు నా దగ్గరికి వచ్చి, "పోయొస్తా అన్నా, మోకాలు జాగ్రత్త" అన్నాడు. లండన్ తూర్పున ఈస్ట్ హామ్‌లో ఒక క్యాష్ అండ్ క్యారీ టోకు దుకాణంలో స్టాకు చూసే పనికి కుదిరాడని తర్వాత విన్నాను. మనసులో ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయి గురించి రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

స్టాన్‌మోర్‌లో ఆదివారం

మూడేళ్లు గడిచాయి. స్టాన్‌మోర్‌లో తెలుగువాళ్ల పిక్నిక్ జరిగింది. పులిహోర, బిర్యానీ, సన్న చినుకు, మధ్యలో కబడ్డీ. నా మోకాలు చూసి నన్ను రిఫరీని చేశారు.

ఒక కుర్రాడు కూతకు వెళ్లాడు. అవతలివాళ్లు ఐటీ ఉద్యోగులు, పొట్టలున్నవాళ్లు. ఒకడు కాళ్ల మీదికి దూకాడు, ఇంకొకడు నడుముకి, మూడోవాడు ఆ ఇద్దరి మీద పడ్డాడు. కుర్రాడు వెనక్కి ఒకే ఒక్క అడుగు వేసి, తిరిగి గీత దాటి వచ్చేశాడు. అతను ఎవరినీ ముట్టుకోలేదు, అతన్నీ ఎవరూ ముట్టుకోలేదు.

"ఖాళీ కూత! పాయింటు లేదు" అని అరిచాను.

కింద పడ్డవాళ్లలో ఒకాయన, ట్రాక్ ప్యాంటు నిండా బురద, మోచేతి మీద లేచి అన్నాడు.

"ముగ్గురం నేల నాకుతుంటే సున్నా ఏంటండీ అంకుల్? ఆ పిల్లాడికి అన్యాయమండీ!"

అందరూ నవ్వారు. కబడ్డీలో నేను చెప్పిందే రైటు. చేయి తగిలితేనే పాయింటు, తగలకపోతే వెళ్లొచ్చినా లెక్కలోకి రాదు. ఆ రూలు నా ఒంట్లో చిన్నప్పటి నుంచీ ఉంది. బాపట్ల నుంచి హేస్ దాకా మోసుకొచ్చాను, బటన్ నొక్కే వేలి దాకా. ఎవరైనా ముట్టుకుని జారిపోతేనే మిస్ కొట్టాను. అసలు ముట్టుకోనివ్వనివాడికి అన్నేళ్లూ సున్నా వేశాను. ఎద్దును పట్టుకున్నారు కాబట్టి అతనికి మార్కులు. బక్కోడు ఎవరికీ దొరకలేదు కాబట్టి అడుగున.

విజిల్ చేతిలోనే ఉండిపోయింది. సుజాత గొడుగు పట్టుకుని వచ్చి, "ఏమైందండీ, షుగర్ పడిపోయిందా?" అంది.

సోమవారం పొద్దున్నే బక్కోడి రీళ్లు తెరిచాను. ఈసారి అతన్ని చూడలేదు. అతను దాటి వెళ్లాక నేల మీద ఎవరున్నారో చూశాను. ఒక పరుగులో నలుగురు. ఇంకోదాంట్లో ఇద్దరు ఒకరినొకరు కౌగిలించుకుని పడ్డారు, వాళ్ల మధ్య అతను లేడు. మధ్యాహ్నానికి నా సొంత చేత్తో ఓబుల్ రెడ్డి లెక్కకు వచ్చాను. ఒక్కటి కూడా అతను ఊహించి కొట్టలేదు.

అప్పుడు లిండా గది దాకా వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. వెనక్కి వచ్చేశాను.

ఇంకా ఘోరం ఇప్పుడు చెబుతున్నాను. ఆ ఏటి నుంచి కొత్తవాళ్లకు పాఠం చెప్పే పని నాకు ఇచ్చారు. "పరుగెత్తేవాణ్ణి కాదు, పడిపోయినవాళ్లను చూడండి" అని నేర్పాను. పిల్లలు ముచ్చటపడ్డారు. ఇప్పటికీ మీరంతా దాన్ని కోటి అంకుల్ పద్ధతి అంటారు. నేర్పే కాగితం చివర నా పొడి అక్షరాలే ఉన్నాయి. ఉద్యోగం తీసేయించాక మనిషి దగ్గర మిగిలేది చూపు ఒక్కటే. అతని చూపు కూడా నేనే వాడుకున్నాను.

ఈస్ట్ హామ్

రిటైరయ్యాక, కిందటి చలికాలంలో, ఓబుల్ రెడ్డి చిరునామా కనుక్కుని వెళ్లాను. ట్యూబ్ రైలు దిగి, కూరగాయల దుకాణాల ముందు నుంచి నడిచి, మెట్లెక్కి తలుపు కొట్టాను. చేతిలో బక్కోడి రీళ్లు ఎక్కించిన ల్యాప్‌టాప్, మిఠాయి డబ్బా. అతని భార్య లక్ష్మీదేవి తలుపు తీసింది.

"రా అన్నా. ఆయప్పకు కండ్లు బాగల్యా. దగ్గిరికొచ్చి పేరు చెప్పు, పోల్చుకుంటాడు."

షుగరు కళ్లకు పట్టింది. జీపీ, అంటే ఇక్కడి పేట డాక్టరు, పంపితే కంటి ఆసుపత్రిలో సూదులు వేస్తున్నారు. వెలుగు, నీడ, మనిషి ఆకారం తెలుస్తాయట. కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆ మందపాటి అద్దాలు లేవు, వాటితో ఇక పని లేదు.

నేను నిలబడే చెప్పేశాను. లిండా గదిలో ఏమన్నానో, చూడకుండా చూశానన్న సంగతి, పిక్నిక్, పాఠాలు, అన్నీ.

"తెలుసులే అన్నా" అన్నాడు. "లిండమ్మ ఆ పొద్దే చెప్పింది, నువ్వు అన్నావని."

"ఆ రోజేనా?"

"ఆ పొద్దే."

ఉద్యోగం పోయిన మరుసటి ఏడు, నా మోకాలికి ఆపరేషన్ అయినప్పుడు, ఇతను ఓలిగల డబ్బా, అంటే మన బొబ్బట్లే, పట్టుకుని లండన్ ఆ చివర నుంచి ఈ చివరకు, రెండు గంటల ప్రయాణం చేసి వచ్చాడు. నా పక్కన కూర్చుని, తినమని బలవంతం చేశాడు. తెలిసీ వచ్చాడన్నమాట. క్షమాపణ చెప్పడానికి వచ్చినవాణ్ణి, అక్కడ కూడా నాకు మళ్లీ అసూయే కలిగింది. కోపమనేది లేకుండా ఎలా బతికాడు? నేను గెలిచి కూడా ఇన్నేళ్లు నిద్ర సరిగా పోలేదు.

"కోపం రాలేదా?" అని అడిగాను.

"వచ్చింది. శానా వచ్చింది. అయితే నీ తప్పు ఏందో నాకు తెలుసు కదా. నువ్వు ఆడినోడివి, నీకు చెయ్యి తగలాల. పోనీలే. ఆ పెట్టె తెచ్చినావా? బక్కోడిది ఒకటి పెట్టు."

పెట్టాను. నలుపు తెలుపు, వర్షం. అతను తెర వైపు కాక నా వైపు ముఖం తిప్పాడు.

"చెప్పన్నా, ఎవురెవురు పడినారు?"

నేను ఆపుతూ, తిప్పుతూ చెప్పాను. ఒకడు ముందుకు బోర్లా పడ్డాడు. ఇద్దరు గుద్దుకున్నారు. గీత దగ్గర ఇంకొకడు మోకాళ్ల మీద. "నలుగురు" అన్నాను. అతని పద్ధతిలోనే, తప్పు లేకుండా లెక్కపెట్టాననే ధీమా నా గొంతులో ఉంది.

వేలితో గాల్లో మైదానం గీసుకున్నట్టు కదిలించాడు.

"ఇది వాన ఆట కదా, బక్కోడు ఎడమకు వంగి కుడికి పోయిండేది? ఐదుగురు. పైన కుడి పక్క మూల చూడు. పడల్యా వాడు, నిలబడుకోనే ఉంటాడు. పరిగెత్తబోయి, ఎటు పోవల్లో తెలీక కాళ్లు ఆడక నిలిచిపోయింటాడు. వాడూ మిస్సే."

వెనక్కి తిప్పాను. పైన కుడి మూల, వర్షంలో, ఒకడు రెండు చేతులూ చాచి, ఎటూ కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆ రీలు నేను ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. వాణ్ణి ఎన్నడూ చూడలేదు.

"ఉండాడా?" అన్నాడు.

"ఉన్నాడు" అన్నాను.

జేబులోంచి పుస్తకం తీసి ఐదు అని రాశాను. చివర అతని పొడి అక్షరాలు వేశాను. వేస్తున్నప్పుడు కూడా, ఆ కళ్లు నావి కాలేదే అని కుళ్లుకుంటూనే ఉన్నాను.

పిల్లలూ, మీరు కోటి అంకుల్ పద్ధతి అనే దాని పేరు ఓబుల్ రెడ్డి పద్ధతి. కాగితం మీద దిద్దుకోండి.